దీవి పోతుందన్న చిట్టా

గొప్పలు చెప్పుకోవడం నాకు రాదక్కా, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కంప్యూటర్లు బాగుచేసుకునేవాణ్ణి, నాకెందుకు కోతలు? టీలో కాస్త చక్కెర తగ్గించు. ఇంతకీ మన దర్జీ బావ సంగతి. ఆయనా, దూరాన ఉద్యోగం చేసుకుంటున్న ఆయన చెల్లెలూ కలుసుకునేది ఒక ఆన్‌లైన్ ఆటలో. అందులో ఒక దీవి, దీవిలో ఇద్దరూ ఆరేళ్లుగా కట్టుకున్న ఇల్లు. ఆదివారం వస్తే ఆ ఇంటి అరుగు మీదే అన్నాచెల్లెళ్ల కబుర్లు. పోయిన నెల ఏమైందో తెలుసా? ఆట కంపెనీ నుంచి పొక్కిందంటూ ఒక చిట్టా అందరి ఫోన్లలోకీ వచ్చింది. రాబోయే అప్‌డేట్‌లో ఏమేం మారతాయో రాసిన చిట్టా, ఎవరో తెర మీదున్నదాన్ని ఫొటో తీశారట. పదకొండో లైను చూస్తే, ‘పాత దీవి తీసివేయబడును.’

“అయ్యో పాపం,” అంది టీ కొట్టు అక్క.

పాపమే మరి. బావ ఆ రోజు ఒక చొక్కాకి మూడు చేతులు కుట్టాడు. నేను చిట్టా ఒక్కసారి చూశాను. పైన వెర్షన్ నంబరు ఏడు పాయింటు ఆరు అని ఉంది. ఆటలో అప్పుడు నడుస్తున్నది ఏడు పాయింటు నాలుగు. మరి మధ్యలో అయిదు ఏమైనట్టు? చిట్టా దొంగదని అక్కడే పట్టేశాను.

“అది మంచి పాయింటే,” అన్నాడు బల్ల మీద కూర్చున్న పోస్ట్‌మాన్.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఫొటో పెద్దది చేశాను. తెర అద్దంలో ఫొటో తీసినవాడి మొహం, మొహానికి కళ్లజోడు, కళ్లజోడులో కిటికీ, కిటికీ అవతల ఎదురింటి గోడ, గోడకి క్యాలెండరు. తీరా చూస్తే పోయినేడాదిది.

“క్యాలెండరు మీద ఈగ వాలలేదా?” అన్నాడు పోస్ట్‌మాన్.

వాలింది. సరిగ్గా తేదీ మీదే వాలింది. అది లేచేదాకా అరగంట కాచుకున్నాను.

“ఫొటోలో ఈగ లేచిందా?”

ఓపిక ఉండాలి తమ్ముడూ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంపెనీ పెద్దాయన ఫోన్ చేశాడు. ‘మూడొందలమంది ఇంజనీర్లకి దొరకనిది మీకెలా దొరికిందండీ’ అని ఒకటే పొగిడాడు. నా మాట సరిగ్గా వినబడాలని ప్రపంచమంతా ఆట ఇరవై నిమిషాలు ఆపించాడు. అయినా నాకు నమ్మకం కుదరలేదు. నేనే ఆటలోకి దిగి, దీవిని మొదలంటా పెకలించి, ఎవరి చేతికీ అందకుండా నడిసముద్రంలో పెట్టొచ్చాను. ఇంటికొచ్చి కీబోర్డు బోర్లిస్తే రెండు చేపలు రాలాయి.

“కూర వండావా?” అంది అక్క.

ఇంతలో వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. “బావా.”

మెడలో టేపుతో దర్జీ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

“చిట్టా చూపిస్తే నువ్వు నాతో అన్నది వేరు కదా. ‘నూటికి నూరుపాళ్లూ నిజం, ఇల్లు విప్పుకుని సామాన్లు తెచ్చుకోండి’ అన్నావు. నీ మాట నమ్మి నేనూ చెల్లీ తలుపులతో సహా విప్పేశాం. అరుగు విప్పుతుంటే అది ఏడ్చింది. మర్నాడు ఆ వెర్షన్ నంబరు తప్పు పట్టింది కూడా అదే.”

పోస్ట్‌మాన్ గ్లాసులోకి చూశాడు.

“నాకు తెలీదని చెప్పడం రాలేదు బావా,” అన్నాడు కంప్యూటర్ల ఆయన. “నువ్వంత ఆశగా అడిగావు.”

“సరేలే. ఇవాళ పొద్దున అసలు చిట్టా వచ్చింది. దీవి ఎక్కడికీ పోవడం లేదు. ఇంకో గది కట్టుకోనిస్తారట కూడా.” దర్జీ వచ్చి పక్కన కూర్చున్నాడు. “విప్పడం ఇద్దరికీ ఒక్కరోజు పని. కట్టడానికి మూడో మనిషి కావాలంటోంది చెల్లి.”

“నేనొక్కణ్ణే గంటలో...” అని మొదలుపెట్టి కంప్యూటర్ల ఆయన ఆగిపోయాడు. గ్లాసు కింద పెట్టాడు.

“నాకు ఆడటం రాదు బావా. నేర్పిస్తారా?”