మేడమీది గిన్నె

(కింది వాటా వంటింట్లో ఆవిడ చేతులు కడుక్కుంటోంది. భర్త కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డాడు. పై వాటాలో ఉండేది ఆయన తమ్ముడూ, మరదలూ. పైకీ కిందికీ ఏడాదిగా మాటల్లేవు. అటూ ఇటూ తిరిగేది కిందివాళ్ళ పిల్లి బంతి ఒక్కటే.)

"మళ్ళీ చెప్పు. ఎక్కడికెళ్ళానన్నావు?"

"పైకి."

"పైకంటే?"

"పైకంటే పైకే. మెట్లెక్కి, వాళ్ళ వరండాలోకి."

"ఏడాది నుంచి ఆ మెట్లవైపు కన్నెత్తి చూడనిదానివి..."

"ఇప్పుడూ చూడను. ఇవాళ పనుండి ఎక్కాను. మీ మరదలుగారు స్నానానికి వెళ్ళేదాకా మెట్ల కిందే నిలబడ్డాను. నీళ్ళ చప్పుడు వినబడగానే ఎక్కేశాను."

"దొంగతనానికా?"

"దొంగతనం ఆవిడది. నా పిల్లికి నాకు తెలియకుండా తిండి పెడుతోంది. వరండా మూల, చెప్పుల స్టాండు వెనకాల, స్టీలు గిన్నె. ఎవరికీ కనబడకుండా ఎంత జాగ్రత్తో."

"పెడితే పెట్టనీ. పిల్లి అన్నాక నాలుగిళ్ళు తిరుగుతుంది."

"షుగరున్న పిల్లి తిరగకూడదు. మొన్న డాక్టరేమన్నాడు? మీరూ ఉన్నారుగా పక్కన."

"నేను బుట్ట పట్టుకునున్నాను."

"బుట్ట పట్టుకుంటే చెవులు పనిచెయ్యవా? 'నేను చెప్పినట్టే పెడుతుంటే ఈపాటికి షుగరు దిగాలి కదమ్మా, ఇంకెవరైనా పెడుతున్నారా' అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పాలు మాన్పించాను, అన్నం మాన్పించాను, కొనుక్కొచ్చిన ఆ గలగలలాడే పిల్లిమేత గింజల పొట్లం చెత్తబుట్టలో పడేశాను. పొద్దున్నా సాయంత్రం కొలిచి పెట్టి, అది తిన్నాక మెడ మీద తోలు పట్టుకుని సూది వేస్తున్నాను. ఇంత చేసినా మందు పెంచాల్సొచ్చింది. ఎందుకు? ఆ గిన్నె వల్ల."

"దానికి షుగరని వాళ్ళకి తెలుసా?"

"ఎలా తెలుస్తుంది? నేను చెబితే కదా."

"ఒక్క ముక్క చెబితే పోయేది."

"చెప్పను. నేను కుట్టిన బట్టలకి భుజం జారుతుందని వీధంతా చాటిన నోరది. పెళ్ళిబట్టలు తెచ్చినవాళ్ళు తెచ్చినట్టే తిరిగి పట్టుకుపోయారు. ఇప్పుడు నా పిల్లి జబ్బు కూడా ఆ నోట్లో పడాలా? 'చూసుకోవడం చేతకాక పిల్లికి రోగం తెప్పించింది' అనదూ?"

"అంటే... గిన్నె తెచ్చేశావా?"

"అంత తెలివితక్కువదాన్నా? గిన్నె అక్కడే ఉంది. లోపలిది కాకులకి వేశాను."

"అమ్మ నీ..."

"వినండి. వేసి, తడివేలితో గిన్నె చుట్టూ తుడిచాను. నాలికతో నాకితే ఎలా ఉంటుందో, అచ్చం అలా. అంచున ఒక పీచు వదిలాను, నమ్మకానికి."

"నమ్మకానికా?"

"బంతి ఎప్పుడూ ఒక పీచు వదులుతుంది. మీరేనాడైనా చూస్తే కదా. ఇక రోజూ ఇదే. ఆవిడ వండాలి, నేను పారబొయ్యాలి. పొద్దున్నే లేచి ఉడకబెట్టి, 'ఆహా, మొత్తం తినేసింది' అని మురిసిపోవాలి. బాగా మురిసిపోయినప్పుడు, ఒకరోజు చూసి చెబుతాను, అన్నీ కాకులే తిన్నాయని. అప్పుడా మొహం చూడాలి నేను."

"నీకు కుట్టుపని కంటే ఇదే బాగా వచ్చినట్టుంది."

"ఏమైనా అనుకోండి. పొద్దున్నుంచి కడుపు చల్లగా ఉంది."

"ఇంతకీ గిన్నెలో ఉన్నదేంటి?"

"కోడిమాంసం. ఊరికే ఉడకబెట్టింది. ఉప్పూ లేదు, కారమూ లేదు."

"రుచి చూశావా?"

"ఛీ. చూస్తే తెలియదా? తెల్లగా పేలవంగా, ఆవిడ మొహంలాగే ఉంది."

"ఉప్పు లేకుండా ఉడకబెట్టిన మాంసం... మన డాక్టరు పెట్టమన్నదీ అదే కదా."

"ఆవిడకి వంటొస్తే కదా. వెయ్యడం మర్చిపోయుంటుంది."

"ఏమో. అదికాదు, మొన్న తమ్ముడు మందుల షాపులో కనిపించాడు. వాడి చేతిలో..."

"ఏమండీ."

"చెప్పేది విను. వాడి చేతిలో చిన్న..."

"పైవాళ్ళ మాట ఈ గుమ్మం లోపల వద్దన్నానా లేదా? మీరు సందు చివర నిలబడి మీ తమ్ముడితో గుసగుసలాడతారని నాకు తెలుసు. ఎప్పుడైనా అడిగానా? అడగలేదు. అక్కడి మాటలు అక్కడే వదిలేసి రండి."

"సరే. నేనేం చూడలేదు. తమ్ముడూ లేడు, షాపూ లేదు."

"అలా అన్నారు, బాగుంది."

"బంతి ఏది?"

"కుట్టుమిషను కింద. ఇందాకే పైనుంచి దిగింది. ఖాళీ గిన్నె చూసొచ్చింది కదా, అలిగింది."

"అలిగినట్టు లేదే."

"మీకేం తెలుసు దాని అలక?"

"ఇటొచ్చి చూడు. లేవబోయి పక్కకి ఒరిగిపోయింది."

"వెనకకాళ్ళు దానికి మొదట్నుంచీ నీరసమే. షుగరు వచ్చిన పిల్లులకి..."

"కాళ్ళు కాదు. తలే నిలబడట్లేదు."

"బంతీ. బంతీ, ఇటు చూడమ్మా. ఏమైందే?"

"గిన్నె చప్పుడు చెయ్యి."

"చేస్తున్నాను కదా. చెవి కూడా కదపట్లేదు. ఈ చప్పుడు వింటే వీధి చివరి నుంచి పరిగెత్తుకొచ్చేది."

"పొద్దున తిందా?"

"తింది. నా కళ్ళముందే తింది. తిన్నాకే సూది వేశాను. కొలత ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను."

"మరి ఇదేంటి?"

"ఇంకేంటి? ఆవిడే. ఏదో కలిపి పెట్టింది."

"ఆ గిన్నె నువ్వే కదా పారబోశావు."

"ఇంకో గిన్నె దాచుంటుంది. నేనొస్తానని కనిపెట్టుంటుంది. ఆవిడ సంగతి మీకు తెలియదు."

"ముందు డాక్టరుకి ఫోన్ చేద్దాం."

"చెయ్యండి. కానీ దీనికేమైనా అయిందంటే ఆవిణ్ణి వదలను. వీధిలో నిలబెట్టి అడుగుతాను. నా పని పోగొట్టింది, పంటిబిగువున ఊరుకున్నాను. మీరు పొద్దున పోతే చీకటిపడ్డాక వస్తారు. రోజంతా ఆ మిషను పక్కన నాతో కూర్చునేది ఇదొక్కటే. దీన్ని కూడా తీసుకుపోతే నేనింక ఎవరి మొహం చూసి బతకాలి?"

"ఫోన్ మోగుతోంది, ఆగు... డాక్టరు ఎత్తట్లేదు. ఎవరో తలుపు కొడుతున్నారు."

"తియ్యకండి."

"బావగారూ. ఒకసారి తలుపు తియ్యండి, బావగారూ."

"తనే."

"తియ్యండి. రానివ్వండి. మెట్లెక్కే శ్రమ తప్పించింది నాకు."

"దొర ఇక్కడికొచ్చాడా, బావగారూ? మెట్లమీద తూలుతూ దిగాడు, పిలిచినా ఆగలేదు."

"దొరెవరమ్మా?"

"అదే, పిల్లి."

"దాని పేరు బంతి. ఏం పెట్టావు దానికి? ఏం కలిపి పెట్టావు?"

"ముందు తప్పుకోండి. చిగుళ్ళకి తేనె రాయాలి. ఇదిగో, సీసా తెచ్చాను."

"తేనె రాస్తావా? చంపడానికే వచ్చావా? దానికి..."

"షుగరు. తెలుసు. ఇప్పుడు మరీ కిందికి పడిపోయింది. తల పట్టుకోండి, బావగారూ. వేలు లోపలికి పోనివ్వండి, కరిచే ఓపిక కూడా లేదు వాడికి."

"షుగరని నీకెవరు చెప్పారు? ఏమండీ, మీరేనా?"

"నేనా? నన్నెక్కడ మాట్లాడనిచ్చావు?"

"డాక్టరు చెప్పాడు."

"ఏ డాక్టరు?"

"వంతెన అవతల ఉంటాడే, ఆయన. నీళ్ళు తెగ తాగుతున్నాడు, చిక్కిపోతున్నాడు, మీకేమో పట్టినట్టు లేదు. పోయిన వారం బుట్టలో పెట్టి తీసుకెళ్ళాను. మీకు చెబుదామంటే నన్ను చూడగానే తలుపు వేసేస్తారు. నాకూ పంతం వచ్చింది. ఆవిడకి చేతకాలేదు, నేనే బాగుచేసి, ఆవిడ తలదించుకునేలా చేద్దామనుకున్నాను."

"తమ్ముడి చేతిలో చిన్న సిరంజిలు చూశాను. అదే చెప్పబోతే..."

"మీరాగండి. ఆగండి... అంటే, నువ్వు కూడా దీనికి సూదులు వేస్తున్నావా?"

"పొద్దున్నా సాయంత్రం. అదీ తిన్నాకే. తినకపోతే వెయ్యనే వెయ్యను. ఆ డాక్టరు మరీమరీ చెప్పాడు."

"నాలిక ఆడిస్తోంది. చూడు, నాకుతోంది. ఇంకొంచెం రాయమ్మా."

"ఇవాళ? ఇవాళ వేశావా?"

"వేశానక్కా. స్నానం చేసొచ్చేసరికి వాడు గిన్నె పక్కనే కూర్చునున్నాడు. గిన్నె శుభ్రంగా నాకేసి ఉంది, అంచున ఎప్పటిలాగే ఒక పీచు. తిన్నాడనుకునే వేశాను."