మందు వల్ల కాదు, గొళ్ళెం నేనే పెట్టాను

నా పేరు షేక్ రసూల్‌బీ. భర్త పేరు హయాత్. వయసు 48 సంవత్సరాలు. చదువు ఏడో తరగతి, అదీ పరీక్ష రాయలేదు. నివాసం నల్లపాడు రైల్వే స్టేషను వెనక. వృత్తి మిరపకాయల షెడ్డులో తొడిమలు తీయడం. ఈ రోజు అంటే 2026 ఏప్రిల్ 9వ తేదీ గురువారం పగలు 11 గంటలకు నన్ను పోలీసు స్టేషనుకు పిలిపించి ఎస్సై గారు అడగ్గా, హెడ్డు గారు రాసుకుంటుండగా ఈ కింది సంగతి చెబుతున్నాను.

నేను నిన్న మా షెడ్డు మేనేజరు త్రినాథ్ గారిని ఆయన గదిలో పెట్టి బయట గొళ్ళెం వేశాను. ఆ మాట నిజం. మిరపపొగ పెట్టానని ఆయన ఫిర్యాదులో రాయించాడు. ఆ మాట అబద్ధం. పొగే పెట్టాలనుకుంటే మిరపకాయల షెడ్డులో నాకు మిరపకాయలు కరువా అండీ.

ఎందుకు వేశానో మొదటి నుంచీ చెబితేగాని తెలియదు. నాకు 36వ ఏట గర్భసంచి తీసేశారు. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేశారని నాకు తర్వాత తెలిసింది. ముందు నన్నెవరూ అడగలేదు. ఆపరేషను కుట్లు ఆరకముందే ఒళ్ళు మంటలు మొదలైనయ్. మెడ వెనక మొదలై ముఖం దాకా నిప్పు పాకినట్టు వస్తది, తర్వాత చెమట, తర్వాత చలి. రాత్రి నిద్ర లేదు. తొమ్మిదేళ్ళు అట్టాగే పడ్డాను. మూడేళ్ళ క్రితం గుంటూరులో లేడీ డాక్టరు భవ్య గారు నాకు హార్మోను జెల్లు రాశారు. పంపు ఉన్న సీసా. రోజుకి రెండు నొక్కులు చేతికి రాసుకోవాలి. నెలన్నరలో మనిషినయ్యాను. మా ఆయన్ని తిట్టడం కూడా తగ్గించాను, ఆయన్ని పిలిచి అడగండి.

అప్పట్లో నేను పత్తి మిల్లులో చేసేదాన్ని. నిరుడు నవంబరులో మిల్లు మూశారు. జనవరి 5న ఈ మిరపకాయల షెడ్డులో చేరాను. ఆ నెలాఖరుకే మంటలు మళ్ళీ వచ్చినయ్. రోజుకి పద్నాలుగు సార్లు. మందు పాడైందనుకుని నా అంతట నేను రెండు నొక్కులు మూడు చేశాను, తర్వాత నాలుగు చేశాను. ఏమీ తగ్గలేదు.

ఫిబ్రవరి 28న డాక్టరమ్మ దగ్గరకు పోయాను. నాలుగు నొక్కుల సంగతి విని బాగా తిట్టింది. డోసు మార్చేది నువ్వా నేనా అంది. తర్వాత, నువ్వు లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తావో వరసగా చెప్పు అంది. చెప్పాను. పొద్దున స్నానం, తర్వాత రెండు చేతులకీ మోచేతుల పైదాకా కొబ్బరినూనె, తర్వాత జెల్లు, తర్వాత మగవాళ్ళ పాత ఫుల్‌చేతుల చొక్కా, తర్వాత షెడ్డు. మిరపకాయ ముట్టే ఆడది ఎవరైనా నూనె రాసుకునే పనిలోకి దిగుద్ది, లేకపోతే సాయంత్రానికి చేతులు కాలిపోతయ్. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. "నూనె మీద రాస్తే మందు ఒంట్లోకి ఎట్టా పోతుంది రసూల్‌బీ? చొక్కాకి పోయింది" అంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండు నెలలు మా ఆయన చొక్కాకి హార్మోన్లు పెట్టాను.

ఆమె డోసు పెంచలేదు. మళ్ళీ రెండు నొక్కులే అంది. చేతులకి వద్దు, తొడలకి రాయి, సాయంత్రం స్నానం చేసి తుడుచుకుని, నూనె లేని చర్మం మీద రాయి, ఆరిందాకా బట్ట కప్పొద్దు అంది. రోజూ ఒకే వేళకి రాయాలి, రోజు తప్పకూడదు, మంటలు ఎన్నొచ్చినయ్యో రాసుకుని ఆరు వారాలకి రా, అప్పుడు చూసి పెంచాలో వద్దో నేను చెబుతా అంది. నేను రాశాను. మూడో వారానికి పద్నాలుగు నాలుగైనయ్. ఆ కాగితం నా దగ్గర ఉంది, ఇస్తాను.

సాయంత్రం స్నానం మాకు షెడ్డులోనే. మిరప ఘాటుతో ఎక్కితే ఆటోలో అందరూ దగ్గుతారని ఆటోవాళ్ళు మమ్మల్ని ఎక్కనివ్వరు, ఆటో తోలే మా ఆయనతో సహా. ఇల్లు చేరాక రాయాలంటే రోజుకో వేళవుద్ది, అందుకని సీసా అన్నం సంచిలో పెట్టుకుని తెచ్చుకునేదాన్ని. మార్చి 30 సోమవారం గేటు దగ్గర సంచులు వెతుకుతూ త్రినాథ్ గారు సీసా తీశాడు. విదేశాలకు పోయే సరుకు, వాసన క్రీములు లోపలికి రాకూడదన్నాడు. రూలు రూలే, నేను కాదనలేదు. గేటు దగ్గరే ఉంచండి, స్నానం అయ్యాక తీసుకుంటానన్నాను. ఆయన సీసా తీసుకుపోయి మైకు ముందు నిలబడ్డాడు. ఆ మైకు మమ్మల్ని భోజనాలకి పిలవడానికి పెట్టింది. నలభై మంది ఆడవాళ్ళు వింటుండగా, "ఈ వయసులో క్రీములు రాసుకుని ఎవరికి చూపిస్తావే రసూల్‌బీ?" అన్నాడు. సీసా తన సొరుగులో పెట్టి తాళం వేశాడు.

మర్నాడు డాక్టరమ్మ చీటీ తెచ్చి చూపించాను. మజ్జిగ తాగు, వేడి తగ్గుద్దన్నాడు. ఆ మర్నాడు అడిగాను. నాలుగో రోజు అడిగాను. ఇంకో సీసా కొనుక్కుంటే మళ్ళీ గుంజుకుంటాడు. అయినా అది నా మందు, నేనెందుకు ఇంకోటి కొనాలి. తొమ్మిది రోజులు మందు లేదు. నాలుగు మళ్ళీ పదకొండైనయ్. ఆరు వారాల లెక్క మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాలి. ఆయన మాత్రం నేను చెమట తుడుచుకుంటుంటే దాటిపోతూ మజ్జిగ మజ్జిగ అనేవాడు.

నిన్న ఏప్రిల్ 8 బుధవారం మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాలకు ఆయన అన్నం తిని ఏసీ గదిలో పడుకున్నాడు. ఆయన ఫోను బయట మైకు బల్ల దగ్గర ఛార్జింగు పెట్టి ఉంది. నేను గొళ్ళెం వేశాను. గోడ మీద పెట్టెలో ఏసీదీ ఫ్యానుదీ ఫ్యూజులు పీకి కొంగున కట్టుకున్నాను. గది కిటికీ అద్దంలోంచి ఆయన నాకు కనపడుతూనే ఉన్నాడు, నేను కళ్ళు తిప్పలేదు. లేచి తలుపు కొట్టాడు. నేను మైకు తీసుకున్నాను.

"త్రినాథ్ గారూ, ఇది మొదటిది. ఇట్టాంటివి నాకు రోజుకి పదకొండు" అన్నాను. అయిదేసి నిమిషాలకి టైము చెప్పాను. ముందు మెడ వెనక వస్తది, తర్వాత ముఖం, ఇప్పుడు చొక్కా వీపుకి అంటుకుంటది, ఇప్పుడు ఎవర్నైనా చంపాలనిపిస్తది అని వరసగా చెప్పాను. మజ్జిగ కావాలా అని అడిగాను. 2 గంటల 32 నిమిషాలకి గొళ్ళెం తీశాను. మొత్తం ఇరవై రెండు నిమిషాలు. ఆయన బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులాగా బయటికొచ్చాడు.

అందరూ నవ్వుతారనుకున్నాను. నేను చేసే పనులకి షెడ్డులో నవ్వడం అలవాటే. ఉగాది ముందు ఆయన కుర్చీ కింద కుంకం పూసిన నిమ్మకాయ పెడితే చేతబడని భయపడి రెండు రోజులు కూర్చోకుండా నిలబడే పని చేయించాడు, అది కూడా నేనే, కావాలంటే రాసుకోండి. నిన్న మాత్రం ఒక్కతీ నవ్వలేదు. మా వరసలో కూర్చునే సుబ్బరావమ్మ లేచొచ్చి, "అట్టాగే ఉంటదా నీకు? నాకూ అంతేనే. దెయ్యం అని తాయెత్తు కట్టించారు" అంది. తర్వాత ఇంకొకామె, ఇంకొకామె. పోలీసులు వచ్చేలోపు ఏడుగురు ఆ మందు పేరేంటని అడిగారు. వాళ్ళందరివీ నలభై నిండకముందే తీసేసిన సంచులే.

ఈ పొద్దున ఓనరు గారు స్టేషనుకి వచ్చి రాజీకి ఒప్పుకున్నాడు. హార్మోను మందు వాడి మతి చలించి చేశానని, ఇక ఆ మందు వాడనని నేను చెబితే కేసు ఉండదు, పని ఉంటుందన్నాడు. ఎస్సై గారు కూడా, ఎందుకమ్మా, అట్టా రాసుకుంటే ఇంటికి పోతావు కదా అన్నారు. మా ఆయన బయట బెంచీ మీద కూర్చుని ఒప్పుకోవే రసూలు, ఒప్పుకోవే అంటున్నాడు. ఆయన అనడంలో తప్పులేదు, ఆటో మీద ఇల్లు గడవదు.

నేను ఒప్పుకోను. మందు రాసుకున్నప్పుడు నేను బాగానే ఉన్నాను. లేని తొమ్మిది రోజుల తర్వాత చేశాను. అప్పుడు కూడా మతి ఉండే చేశాను, గడియారం చూసి చేశాను, ఆయనకి ప్రాణం మీదికి రాకుండా చూసి చేశాను. మందుకి పిచ్చెక్కింది అని మీరు కాగితం మీద రాస్తే అది సాయంత్రానికి షెడ్డుకి చేరుద్ది. ఆ ఏడుగురూ జన్మలో డాక్టరమ్మ గడప తొక్కరు. సుబ్బరావమ్మ తాయెత్తుతోనే పోద్ది. మేనేజరుకి కావలసింది కూడా అదే.

గొళ్ళెం వేసినందుకు ఏ శిక్ష వేస్తే అది పడతాను. నా సీసా ఆయన సొరుగులో ఉంది, తాళం ఆయన దగ్గరే ఉంది. దాన్ని నాకు ఇప్పించమని కోరుతున్నాను.

హెడ్డు గారు ఇదంతా నాకు చదివి వినిపించారు. మూడో కాగితంలో "మందు ప్రభావంతో" అని నేను చెప్పని మాట ఉంటే కొట్టేయించి దాని పక్కన సంతకం పెట్టాను. మిగతాది నా నోటి మాటే, ఎవరూ బెదిరించి చెప్పించింది కాదు.

(సం) షేక్ రసూల్‌బీ