సమ్మమ్మ చదవని నాలుగో తరగతి

1970 జూన్ 15వ తేదీన, వర్ధన్నపేటకు అయిదు మైళ్ల దూరంలోని మా ప్రాథమిక పాఠశాలలో సహాయోపాధ్యాయులుగా చేరిన శ్రీ పాండురంగం గారు, పదిహేడేళ్ల నిరంతర సేవానంతరం ఈ ఆగస్టు 31న పదవీ విరమణ చేస్తున్నారు. ఇటువంటి సన్మాన సంచికలలో విజయాలను మాత్రమే కీర్తించడం ఆనవాయితీ. వారు మాత్రం "రాస్తే సమ్మమ్మ సంగతి రాయుండ్రి, లేకుంటే నా పేరే వద్దు" అన్నారు. వారి మాట శిరసావహిస్తున్నాను.

వారు చేరిననాటికి అయిదు తరగతులకు రెండే గదులు, మేమిద్దరమే ఉపాధ్యాయులం. మూడో తరగతి, అయిదో తరగతి ఒకే గదిలో కూర్చునేవి. 1972 మార్చిలో ఒకనాడు వారు అయిదో తరగతికి, పన్నెండుమంది కూలీలు ఎనిమిది రోజుల్లో కోసే చేనును పదహారుమంది ఎన్నాళ్లలో కోస్తారని లెక్క ఇచ్చారు. పెద్దపిల్లలు పలకలు తుడుచుకుంటుండగానే, మూడో తరగతి వరుసలోంచి కూలీ మొగిలి కూతురు, ఎనిమిదేళ్ల సమ్మమ్మ, "ఆరు దినాలు సారూ" అన్నది. పాండురంగం గారు పరుగున నా వద్దకు వచ్చారు.

"ఈ పిల్లను ఇంక కింది తరగతిల కూసోబెట్టుడు పాపం, పెద్దసారూ. డబుల్ ప్రమోషన్ ఇద్దాం."

ప్రధానోపాధ్యాయుడిగా నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆలస్యం అమృతం విషమంటూ అప్పటికప్పుడే సంతకం చేశాను. నాలుగో తరగతి చదవకుండానే ఆమె అయిదుకు వెళ్లింది.

1973 ఏప్రిల్‌లో సమ్మమ్మ అందరికన్నా ముందు నిలిచి అయిదో తరగతి ముగించింది. మా బడి అంతటితో సరి. ఆరో తరగతి వర్ధన్నపేటలో ఉన్నది. తొమ్మిదేళ్ల ఆడపిల్లను రోజూ పది మైళ్లు నడిపించడానికి మొగిలి ఒప్పుకోలేదు. "చదువు అయిపోయిందని మీరే చెప్తిరి గద సారూ. ఇగ నాతోని కైకిలికి వస్తది" అన్నాడు. ఆ ఏడే ఆ పిల్ల కూలీల వరుసలో నిలబడి వరి కోసింది.

మరుసటి ఏడు, 1974 జూన్‌లో, మా ఊరికే ఆరో తరగతి మంజూరైంది. మామూలుగా చదివి ఉంటే సమ్మమ్మ సరిగ్గా ఆ నెలలోనే అందులో కూర్చునేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మేమిద్దరం వాళ్లింటికి పరుగెత్తాము. "ఇప్పుడు దాని కైకిలి లేకుంటే ఇల్లు ఎల్లది సారూ" అన్నాడు మొగిలి. ఆ ప్రమోషన్ కాగితం మీద నా సంతకం నేటికీ ఉన్నది. చూసినప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది.

అటు పిమ్మట పాండురంగం గారు ఎవ్వరికీ డబుల్ ప్రమోషన్ సిఫారసు చేయలేదు. చురుకైన పిల్లలను వారి తరగతిలోనే ఉంచి, రోజూ కొంతసేపు వసారాలో కూర్చోబెట్టి పై తరగతి భిన్నాలు చేయించేవారు, బావి లోతు తాడుతో కొలిపించేవారు. 1979 తనిఖీలో ఒక అధికారి ఇది నిబంధనలకు విరుద్ధమని సంజాయిషీ కోరగా, "పిల్లలను ముందుకు తోయలేదు, కూర్చున్నచోటనే పని కల్పించాను" అని ఒక్క వాక్యం వ్రాసి ఇచ్చారు. మందలింపు తప్పలేదు, వారు పద్ధతీ మానలేదు. ఆ వసారా పిల్లల్లో పలువురు పై చదువులకు వెళ్లారు. ఆ మాట ఎత్తి మెచ్చుకోబోతే, "ఒక్కతి తక్కువున్నది" అంటారు.

మొన్న జూన్‌లో, ఇదే ఊళ్లో కాపురముంటున్న సమ్మమ్మ తన కూతురు సారలమ్మను ఒకటో తరగతిలో చేర్పించడానికి వచ్చింది. పాండురంగం గారు తలెత్తి ఆమెను చూడలేకపోయారు. ఆమెయే అన్నది:

"సారూ, దీనికీ నాతీరుగనే లెక్కలొస్తయి. జర మెల్లగ చదివియ్యుండ్రి. ఒక్క తరగతి గూడ దాటియ్యకుండ్రి."

ఒకటో తరగతి రిజిస్టరులో ఆ పాప పేరు వారే స్వయంగా వ్రాశారు.

సారలమ్మ పదో తరగతి ముగించడానికి ఇంకా పదేళ్లు పడుతుంది. ఆ పదేళ్లూ, ఆపై మరెన్నో ఏళ్లూ శ్రీ పాండురంగం గారు సంపూర్ణారోగ్యంతో వర్ధిల్లాలని, ఆ పిల్ల నాలుగో తరగతిలో కూర్చున్న ఏడు ఒక్కసారి మా బడికి వచ్చి చూసిపోవాలని మనసారా కోరుకుంటున్నాను.