స్టార్ట్ కాని జీపు, రాజేందర్ అనే వ్యక్తి

నా పేరు రజని. వయసు నలభై ఒకటి. భర్త పేరు బాలమల్లు. నాంపల్లి రైల్వే స్టేషన్ దగ్గరి గల్లీలో కిరాయి ఇంట్లో ఉంటాం. సుల్తాన్ బజార్‌లో ఒక చీరల దుకాణం మెట్ల పక్కన మిషను పెట్టుకుని ఫాల్స్ కుడతాను. ఈ రోజు శనివారం మధ్యాహ్నం పోలీసు స్టేషనులో ఎస్ఐ సంహిత మేడమ్ అడిగితే నాకు తెలిసింది చెబుతున్నాను. నన్ను ఎవరూ బెదిరించలేదు. నన్ను బెదిరించేవాళ్లు మా గల్లీలో ఇంకా పుట్టలేదు. ఇది కూడా రాయమన్నాను, రాశారు.

ఫిర్యాదు ఇచ్చింది నా భర్త. ఎవరి మీద ఇచ్చాడో ఆ రాజేందర్ నా సొంత తమ్ముడు. చాదర్‌ఘాట్‌లో బండ్లు రిపేరు చేస్తాడు. ఫిర్యాదులో నా భర్త ‘రాజేందర్ అనే వ్యక్తి’ అని రాశాడు. మేడమ్ అది చదివి వినిపించినప్పుడు నాకు ఒళ్లు మండింది. మా పెళ్లయిన ఏడాదికే మా ఇంటికి వచ్చి, మా ఇంట్లో తిని, ఈయన వెంట జీపు కింద పడుకుని పని నేర్చుకున్న పిల్లవాడు దారిన పోయే దానయ్య అయిపోయాడు.

ఆ జీపు పాత పెట్రోలు బండి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. ఒకప్పుడు అడవుల్లో గుట్టలెక్కేదట. ప్రభుత్వ వేలంలో నా భర్త కొన్నాడు. ఇప్పుడు పూలు కట్టి పెళ్లి బరాత్‌లకు, ఊరేగింపులకు తిప్పుతాడు. మా ఇల్లు దాని మీదే నడుస్తుంది. నా కంటే దానికే ఎక్కువసార్లు తలంటి పోశాడు.

శ్రావణంలో ఒక బరాత్ నడుమ అది అబిడ్స్ చౌరస్తాలో ఆగిపోయింది. పెళ్లికొడుకు తలపాగా పట్టుకుని ఆటో ఎక్కి పోయాడు. బ్యాండు వాళ్లు కూడా నవ్వారు. సాయానికి వచ్చిన నా తమ్ముడు నలుగురిలో నోరు జారాడు. "ఇగ ఈ డబ్బాను పాత ఇనుప సామాన్లోనికి అమ్మెయ్ బావా" అన్నాడు. ఆ రోజు నుంచి నా భర్త వాడిని బామ్మర్దీ అని పిలవడం మానేశాడు. నాతో చెప్పాల్సి వస్తే ‘నీ తమ్ముడు’ అనేవాడు. ఈ రెండు నెలలూ నేను అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నాను.

మొన్న గురువారం దసరా. పొద్దున్నే నా భర్త జీపు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, బంపర్ మీద కొబ్బరికాయ కొట్టాడు. బానెట్ ఎత్తి కొబ్బరినీళ్లు ఇంజను మీద పోశాడు. ఏటా పోస్తాడు, దాని దాహం తీరాలని. "దానికి దూప అయితదా ఏంది?" అన్నాను. "పొద్దంత తిరిగెడిదానికి దూప కాదా?" అన్నాడు.

సాయంత్రం నా తమ్ముడు జమ్మి ఆకు తెచ్చాడు. దసరా నాడు ఆ ఆకును బంగారమని చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ అని గుండెకు హత్తుకోవడం మా పద్ధతి. ఎంత మాటపట్టింపు ఉన్నా ఆ రోజు పక్కన పెడతారు. నా భర్త చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నా తమ్ముడు జీపు దగ్గరికి పోయి బానెట్ ఎత్తాడు. "చెయ్ తియ్యి! ఇనుప సామాన్లకు పోయే బండితోని నీకేం పని?" అని నా భర్త కేక వేశాడు. వాడు బానెట్ దించి వెళ్లిపోయాడు. వాడు బానెట్ ఎత్తడం నేనూ చూశాను. తమ్ముడని దాచను.

నిన్న జీపు బయటికి తీయలేదు. ఈ సాయంత్రం మా గల్లీ అమ్మవారి నిమజ్జనం ఉంది, ముందు మా జీపే నడవాలి. పొద్దున నా భర్త సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. "నీ తమ్ముడు ట్యాంకుల చక్కెర పోసిండు" అన్నాడు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని మొత్తుకున్నా వినకుండా స్టేషనుకు వచ్చాడు. పోలీసులు నా తమ్ముణ్ణి తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టారు. అమ్మానాన్నలు పోయాక నాకు పుట్టిల్లంటే వాడొక్కడే. కేసు రాస్తే ఆ గడప నాకు మూసుకుపోతుంది. అందుకే కుట్టుపని వదిలి పరుగెత్తుకొచ్చాను.

మేడమ్ "బండికి ఏమైందో తేలకుండా కేసు రాయను" అన్నారు. గల్లీ వాళ్లు జీపును స్టేషను ఆవరణలోకి తోసుకొచ్చారు. నా తమ్ముడు చూస్తానంటే నా భర్త దగ్గరికి రానివ్వలేదు. అయితే వాడు దూరం నుంచి చెప్పాలి, ఈయన చేయాలి అని మేడమ్ తేల్చారు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడరు కదా, నడుమ నేను.

"అక్కా, పెట్రోల్ పైపు ఇప్పి చూడుమను."

"చూస్తున్న అని చెప్పు."

పెట్రోలు శుభ్రంగా వచ్చింది. సీసాలో పట్టి చూశారు, అడుగున చక్కెర లేదు.

"ప్లగ్గు వైరు ఇంజన్‌కు జర దూరంగ పట్టి సెల్ఫ్ కొట్టుమను. నిప్పురవ్వ వస్తుందా?"

"వస్తలేదని చెప్పు."

"నాకూ చెవులున్నయి, ఇద్దరికీ నోళ్లున్నయి" అన్నాను. మేడమ్ నవ్వు ఆపుకున్నారు.

అప్పుడు మేడమ్ బ్యాటరీ పక్కన ఇరికించిన ఎండిన జమ్మి రెమ్మను చూసి, ఇదేమిటని అడిగారు. నా తమ్ముడు తల వంచుకున్నాడు. "బావ తీసుకోలే మేడమ్. బండికన్న బంగారం పెడుదామని పెట్టిన. డిస్ట్రిబ్యూటర్ మూతకు వైరు కడుదామనుకున్న, బావ కసిరిండు" అన్నాడు. నా భర్త ఆ రెమ్మను చేతిలోకి తీసుకున్నాడు.

డిస్ట్రిబ్యూటర్ అంటే ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బా. దాని మూత క్లిప్పు ఎప్పుడో విరిగింది. ఏటా దసరా ముందు నా తమ్ముడు వచ్చి సన్న వైరుతో బిగించి పోయేవాడు. ఈ ఏడాది రానివ్వలేదు. నా భర్త మూత తీశాడు. లోపల చీమలు. ఒకటీ రెండూ కాదు, పుట్ట పగిలినట్టు. వదులైన మూత సందులోంచి లోపలికి పోయిన కొబ్బరినీళ్ల తీపికి చేరాయి. కలిసి విడిపోతూ ఉండాల్సిన రెండు చిన్న పాయింట్ల నడుమ నలిగి అంటుకుపోయాయి. కరెంటు ఎట్లా పారుతుంది? చక్కెర పోసిన వ్యక్తి ఎవరో నాకు తెలిసిపోయింది. అందరం నా భర్త వైపు చూశాం.

ఆయన చీమలను ఊది దులిపాడు. తర్వాత గరుకు కాగితం తీసుకుని వెనక్కి తిరగకుండానే అన్నాడు: "బామ్మర్దీ, ఇటు రా. పాయింట్లు నువ్వే రుద్దు."

నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. ఏడ్చానని రాయవద్దన్నాను, కానీ రాసేశారు.

వాడు పాయింట్లు రుద్ది, గుడ్డతో తుడిచి, మూత పెట్టి వైరు బిగించాడు. ఈయన సెల్ఫ్ కొట్టాడు. రెండోసారికి జీపు అందుకుంది. గ్రీజు చేతులతోనే ఇద్దరూ అలాయ్ బలాయ్ చేసుకున్నారు. రెండు చొక్కాలూ నేనే ఉతకాలి. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని నా భర్త మేడమ్‌తో చెప్పాడు.

జీపు బయట ఆన్‌లోనే ఉంది. నమ్మకం లేక కాదు, అమ్మవారికి ఆలస్యమవుతోందని. నేను చెప్పింది చెప్పినట్టు రాసి చదివి వినిపించారు. ఇందులో అబద్ధం లేదు. కింద పేరు పక్కన ‘బాలమల్లు భార్య’ అని ఒక్కటే రాశారు. అది సగమే నిజమని చెప్పి, మిగతా సగం నా చేత్తో నేనే రాసి సంతకం పెడుతున్నాను.

(సంతకం) రజని
బాలమల్లు భార్య, రాజేందర్ అక్క