గురువారం ఏడున్నర నవ్వు

ఏం సైదా, ఎనిమిదిసార్లు ఫోన్ చేస్తే గానీ మా ఇంటి దారి తెలియలేదా? రేపల్లె ఏమన్నా మహాపట్నమా నాయనా, తప్పిపోవడానికి! కూర్చో. టీ తాగుతావుగా?

నేనడిగేది ఒక్కటే. గురువారం ఏడున్నరకి కామెడీ వేసే ఆ ఛానెల్ ఏమైంది? ఆదివారం దాకా ఉంది. సోమవారం పొద్దున్న లేచి చూస్తే లేదు. ఆ నంబరు నొక్కితే నీ సొంత కేబుల్ ఛానెల్ వస్తోంది. చీరలకొట్టు, ఎరువులకొట్టు, మధ్యలో ఎవరో పిల్లాడి పుట్టినరోజు ఫోటో. వాడికి సోమవారం నుంచీ రోజూ పుట్టినరోజే! ఈపాటికి వాడికి మీసాలు వచ్చుండాలి.

ఛానెల్‌వాళ్ళతో పేచీ వచ్చిందా? నీకూ వాళ్ళకీ పేచీ వస్తే మధ్యలో నేనేం చేశాను?

ఏంటీ? "అంత చెత్త ప్రోగ్రాం కోసం ఇంత గొడవేంటి పిన్నిగారూ" అంటావా? అది చెత్త అని నువ్వు చెప్పాలా నాకు! నాలుగేళ్ళుగా ఒక్క గురువారం మానకుండా చూశాను. దాని చెత్తతనం గురించి నాకు తెలిసినంత ఈ జిల్లాలో ఇంకెవరికీ తెలీదు.

మొగుడు ఆఫీసు నుంచి వస్తాడు. గుమ్మంలో పెళ్ళాం అప్పడాల కర్ర పట్టుకుని నిలబడి ఉంటుంది. ఎందుకు పట్టుకుందని అడక్కూడదు. నాలుగేళ్ళలో ఆ ఇంట్లో ఒక్క అప్పడం వత్తిన పాపాన పోలేదు! వాడి మొహాన్ని మూడుసార్లు దగ్గరికి లాగి చూపిస్తారు. ఢాం, ఢాం, ఢాం. నవ్వు. లావుపాటావిడ మంచం మీద కూర్చుంటుంది, మంచం విరుగుతుంది. నవ్వు. మీసాలవాడు చీర కట్టుకుని వయ్యారంగా నడిచొస్తాడు. మళ్ళీ నవ్వు. వాడు కుచ్చిళ్ళు పోసినంత బాగా మా పక్కింటి శ్రుతి పొయ్యలేదు, అది వేరే సంగతనుకో.

ఏమీ తోచకపోతే ఎవడో ఒకడి చెంప పగులుతుంది. చెంపదెబ్బే హాస్యమైతే మా లెక్కల మేష్టారు వీరరాఘవయ్యగారిని మించిన హాస్యనటుడు ఈ దేశంలో పుట్టలేదు. తెనాలి గాలి పీల్చి పెరిగినవాళ్ళం, మనకా వీళ్ళు నవ్వడం నేర్పేది?

మరి ఎందుకు చూస్తానంటావా? ఎందుకేంటి, ఆ నవ్వు నాది కదా!

ఊరందరికీ తెలుసు, నీకు తెలీదా? మీ ఆవిడ నాజ్నీన్‌ని అడుగు. కూరగాయల దానమ్మయితే శుక్రవారం శుక్రవారం లెక్క చెప్పేది. "నిన్న పదకొండుసార్లు నవ్వావమ్మా" అని ఓ కొత్తిమీర కట్ట ఊరికే వేసేది. నాలుగేళ్ళ క్రితం హైదరాబాదులో షూటింగుకి జనం కావాలని ఇక్కణ్ణుంచీ తెనాలి నుంచీ ఓ బస్సు నింపుకుపోయారు. టిఫిను, భోజనం, చివర్లో ఓ స్టీలు గిన్నె. నేను వెళ్తానన్నాను. మా ఆయన రానన్నారు. నేనే లాక్కెళ్ళాను.

అక్కడ ఒకడు చెయ్యెత్తితే నవ్వాలి, దించితే ఆపాలి. ఎవరికీ నవ్వు రాదే! అప్పడాల కర్రకి ఎంతసేపని నవ్వుతాం? ఈలోపు మైకు పరీక్ష చెయ్యాలన్నారు. ముందు వరసలో బుద్ధిగా కూర్చున్నది ఈయనే. చేతికి మైకిచ్చి, "పెద్దాయనా, ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టండి" అన్నాడు.

ఈయన ఇరవయ్యారేళ్ళు రైసుమిల్లు గుమస్తా. బస్తాలు లెక్కపెట్టేటప్పుడు ఎవరన్నా ఒకటి అంటారా? నీకూ తెలుసుగా. మొదటిది లాభం. ఆ తర్వాతే రెండూ, మూడూ. ఈయన గొంతు సవరించుకుని, మిల్లులో అన్నట్టే రాగం తీసి, "లాభం... రెండూ..." అన్నారు.

వాడు తెల్లబోయాడు. "లాభమేంటి సార్, ఒకటి అనండి" అన్నాడు. "అలాగేనండి" అని ఈయన మళ్ళీ మొదలెట్టారు. "లాభం..." వాడు నెత్తి కొట్టుకుని, "ఒకటి సార్, ఒకటి!" అన్నాడు. "అవునండి, అవునండి" అన్నారు. ఒళ్ళంతా చెమట పట్టింది పాపం.  కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, మూడోసారి కూడా "లాభం!" అన్నారు.

ఇంక నా వల్ల కాలేదు సైదా. పగలబడి నవ్వాను. నన్ను చూసి వరసంతా, వరసని చూసి మా బస్సులో వచ్చినవాళ్ళంతా నవ్వారు. పైన లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ నవ్వుని వాళ్ళు మైకులో పట్టేసుకున్నారు. అప్పట్నుంచీ మంచం విరిగినా అదే నవ్వు, చెంప పగిలినా అదే. వాళ్ళ కామెడీకి కాదు, నేను నవ్వింది మా ఆయన్ని చూసి. అది నాకూ ఆయనకీ మాత్రమే తెలుసు. బస్సులో వచ్చినవాళ్ళు నాలుగు రోజులకి మర్చిపోయారు.

తిరుగు ప్రయాణంలో ఆయన ఆ స్టీలు గిన్నె ఒళ్ళో పెట్టుకున్నారు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. దారిలో బస్సు ఆగితే, "టీ తాగుతారా?" అనడిగాను. తల అడ్డంగా ఊపారు. ఆ తర్వాత గురువారం ఏడున్నరైతే చాలు, కండువా దులుపుకుని వరండాలోకి పోయేవారు. దోమలు కుట్టినా అక్కడే కూర్చునేవారు.

పోయిన ఆషాఢంలో... నువ్వూ వచ్చావుగా. మీ అమ్మ మస్తాన్ బీ నా పక్కనే కూర్చుంది రోజంతా.

టీ చల్లారిపోతోంది, తాగు.

ఫోటోలు ఆరున్నాయి సైదా. గొంతే ఎక్కడా లేదు. మిల్లు గుమస్తా గొంతు ఎవరు దాచిపెడతారు చెప్పు? ఆ కార్యక్రమాలన్నీ అయ్యాక ఓ గురువారం ఊరికే టీవీ పెట్టాను. మంచం విరిగింది. నా నవ్వు వచ్చింది. దానికి సరిగ్గా ముందు ఓ చిన్న చప్పుడుంటుంది, ఎప్పుడైనా గమనించావా? "భం" అని. అందరూ డోలు దెబ్బ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నా ఇన్నాళ్ళూ.

డోలు కాదు నాయనా. నవ్వుని కత్తిరించినవాడు శుభ్రంగా కత్తిరించలేదు. అది ఆయన మూడో లాభం. దాని చివరి ముక్క.

నాలుగేళ్ళు వారం వారం వచ్చింది. నాకు మాత్రం నా నవ్వే వినపడింది.

అందుకే అడుగుతున్నా. అరగంట చాలు. గురువారం ఆ ఒక్క అరగంటా కలుపు, మిగతా వారమంతా ఆ పిల్లాడికి పుట్టినరోజు చెయ్యి, కాదనను. చేస్తావుగా? తలూపడం కాదు, నోటితో చెప్పు.

అదిగో, ఏడవకు. నాకోసం ఏడ్చేందుకు నేనేం మంచిదాన్ని కాదు. ఇంతదాకా చెప్పాను కాబట్టి మిగతాదీ విను.

ఒకరోజు వరండాలోంచే అడిగారాయన. "వైదేహీ, ఆ సౌండు కాస్త తగ్గించకూడదూ?" అని. ఏనాడూ ఏదీ అడగని మనిషి. నేనేమన్నానో తెలుసా? "అంత పౌరుషముంటే ఒకటి అనడం నేర్చుకోవాల్సింది" అన్నాను. అని, ఇంకా పెంచాను. ఆయనకి నొప్పి అని తెలియక కాదు. తెలిసే పెంచాను. దానమ్మ కొత్తిమీర కట్టలకి అంత మురిసిపోయాను మరి.

ఇప్పుడెంత పెంచినా లేచి వరండాలోకి వెళ్ళేవాళ్ళు లేరు.