పిచ్చమ్మక్క దాచిన చుట్టరికం

ఏందబ్బయా కిషోరూ, ఎవురో కావాల్సినాయనకి డబ్బులిస్తే ట్యాక్సు పడుద్దా అనా? బాగా అడిగినావు. కావలిలో నలబై ఏళ్ళు దస్తావేజులు రాసినోణ్ణి, నన్నుగాక ఎవుర్ని అడగతావు. కూర్చో. జువ్వలదిన్నె పిచ్చమ్మక్క అని ఉండేది, పోయి మూడేళ్ళయింది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకోని కావలంతా తిరిగేది. నోరు తెరిస్తే బజారు బజారంతా సర్దుకోని నిలబడాల్సిందే. మొగుడు లేడు, బిడ్డల్లేరు. రోడ్డు పక్కన స్థలం అమ్మితే పన్నెండు లక్షలొచ్చినయ్. ఒకరోజు నా బల్ల ముందు గంప దించి, 'హజరత్తయ్యా, ఈ డబ్బంతా వినీలకిచ్చేస్తా, చేపల వ్యాను కొనుక్కుంటది, కాయితం రాయి' అనింది. వినీల ఎవురక్కా అన్నా. 'మా తమ్ముడి కొడుకు పెళ్ళాం' అనింది. నేనదే రాసినా. తమ్ముడి కోడలు అని, గుండ్రంగా, ముత్యాల్లాంటి అక్షరాలు. చెక్కు మారింది, వ్యానొచ్చింది, నాకు మాగచేప ఒకటి పంపింది. అబ్బా, ఆ పులుసు, మా ఇంటిది అప్పుడింకా ఉండింది, చింతకాయ వేసి... సరే, అది వదిలెయ్.

రెండేళ్ళకి వినీలకి ఇన్‌కంట్యాక్సు నోటీసొచ్చింది. ముగ్గురం పోయినాం నెల్లూరికి. ఆఫీసరు చిన్నాయన, నెమ్మదస్తుడు. నా కాయితం చూసి, 'అమ్మానాన్న ఇచ్చినా, తోబుట్టువులిచ్చినా, అమ్మ అక్కచెల్లెళ్ళు ఇచ్చినా, నాన్న అక్కచెల్లెళ్ళు ఇచ్చినా పన్ను లేదమ్మా. ఈమె మీ భర్తకి మేనత్త, మీకు కాదు. యాభై వేలు దాటింది గాబట్టి మొత్తానికీ పడుద్ది' అన్నాడు. వడ్డీతో కలిపి రెండు లక్షల పైమాట. ఆ పిల్ల తల వంచుకోని, 'వ్యాను అమ్మేస్తా సార్' అనింది. రాసింది నేనే గదా.

పిచ్చమ్మక్క మాట్లాడలా. ఆ మనిషి మాట్లాడకపోవడం నేను చూడ్డం అదే మొదలు. పైట సర్దుకోని, 'సార్, తమ్ముడి కోడలు గాకముందు ఈ పిల్ల నా చెల్లెలి కూతురు' అనింది. మా వైపు అక్కచెల్లెళ్ళ కూతుర్ని అన్నదమ్ముల కొడుక్కిచ్చుకోవడం ఉండేదేగా, నాకు తట్టాల్సింది. ఆమె చెప్తేగా! నాయన పడవ వాటా కాడ చెల్లెలితో తగాదా పడి, ఇరవై ఏళ్ళు ఆ పేరెత్తలేదంట. చెల్లెలు పోయినా మట్టెయ్యడానికి పోలేదంట. ఈ పిల్ల చేత పెద్దమ్మా అని పిలిపించుకోక, అత్తా అనే పిలిపించుకునింది. 'చెల్లెలి పేరేందమ్మా' అన్నాడు ఆఫీసరు. రెండోసారి అడిగితే, 'రోజారమణి' అనింది. అని, ఆ ఆఫీసులో, అందరి ముందర ఏడ్చింది.

వారానికి ఆ పిల్ల తల్లి పేరున్న బడి సర్టిఫికెట్టు, పిచ్చమ్మక్క నాయన కాలంనాటి రేషన్ కార్డు పట్టుకుపోయినాం. ఒకే కార్డులో అక్కాచెల్లెళ్ళ పేర్లు, ఒకదాని కింద ఒకటి. ఆఫీసరు చదివి, పైసా కట్టక్కర్లేదు పోండన్నాడు. పిచ్చమ్మక్క మెట్లు దిగడం చూడాల నువ్వు, ఊరేగింపే. వ్యాను ముందు సీట్లో ఎక్కి, 'పోనియ్యే' అనింది. 'ఎక్కడికి పెద్దమ్మా' అనింది వినీల. 'మీ అమ్మను మట్టేసిన కాడికి' అనింది.

ఆ... ఏం చెప్తన్నా? అదే, నీ కాయితం. ఎవురో కావాల్సినాయన అంటివే, పేరు చెప్పు రాసుకుంటా. ఏందీ, మీ అన్నా? మరి ఇంతసేపూ ఆ మాట చెప్పవే. తోడబుట్టినోడికి ట్యాక్సు లేదబ్బయా. అన్న అనే రాస్తన్నా.