కాటా షెడ్డులో రెండు వందల పన్నెండు మంది

ఇరవై ఆరు వేలా? నీ సొంత డబ్బేనా? కూర్చో బాబూ, ఆ బల్ల మీద కాదు, దాని కాలు ఊగుతుంది, ఇటు అరుగు మీదకి రా. ఇరవై ఆరు వేలతో పాత కాటా షెడ్డు బాగుచేయించి అందులో రైతులకి నాటకాలు నేర్పిస్తావన్నమాట. తెరకింత, దీపాలకింత, కుర్చీల అద్దెకింత అని టకటకా చెప్పేసి, సంతకానికి కాగితం కూడా నా ముందు పెట్టావు. నేనూ లెక్కల మనిషినేలే, కూడికలో తప్పేం లేదు. కానీ ఇందులో నీకేం వస్తుందో ఆ ముక్క చెప్పలేదు. ఏమీ రాదంటావా? అదిగో, అక్కడే నాకు పురుగు తొలుస్తుంది. ఇంత తీసుకుంటానని ముందే చెప్పేవాడితో పేచీ లేదు, బేరమాడుకోవచ్చు. నాకేమీ వద్దనేవాణ్ణి ఎక్కడ పట్టుకోవాలి? నవ్వకు. ఈ మాట నీకంటే ముందు ఇంకొకాయన అన్నాడు, నలభై ఏడేళ్ళయింది. బొంగురు మాస్టారు. నీకెలా తెలుస్తుంది, మీ నాన్నకే తెలీదు.

అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది, మేమెవరం అడగలేదు. గొంతు అలా ఉండేది, తడి చెక్కని రంపంతో కోస్తున్నట్టు. పల్లెల్లో సేద్యం చేసుకునేవాళ్ళకి పాటా నాటకం నేర్పమని పట్నంలో ఆఫీసేదో పంపించింది. పాట నేర్పడానికొచ్చినవాడికి గొంతే లేకపోతే ఎవడు నమ్ముతాడు, నువ్వే చెప్పు. మా రైతు సంఘం పెద్దాయన మొదటిరోజే తేల్చేశాడు, వీడు పాటల మనిషి కాదురా, పన్నుల మనిషి, ఎవడికి ఎంత పండుతుందో చూసి పోవడానికొచ్చాడు అని. ఆయన మాట్లాడితే ముందు మీసం తుడుచుకుంటాడు, ఇలా, రెండు వైపులా, తర్వాత గొంతు తగ్గిస్తాడు. "మీరేం చెప్పకండి. అడిగితే వానల గురించి చెప్పండి." సరే, ఊరంతా వానల గురించే చెప్పింది. ఆయనా శ్రద్ధగా విన్నాడు పాపం. నేనప్పుడు సంఘం కాటాదారుని. పండిందంతా ఆ షెడ్డుకే రావాలి, నేనే తూచాలి, చీటీ రాయాలి. మాస్టారు పొద్దున్నే వచ్చి బస్తాల మీద కూర్చునేవాడు. కాగితం లేదు, కలం లేదు. ఊరికే చూసేవాడు. రాసుకునేవాడైతే ఏం రాశాడో దొంగచాటుగా చూద్దుము. ఊరికే చూసేవాణ్ణి ఏం చేస్తాం?

ఆయన పద్ధతొకటి ఉండేది, అది చెప్పాలి నీకు. ఇద్దరు తోడికోడళ్ళు నీళ్ళ వంతు మీద షెడ్డు ముందే జుట్టూజుట్టూ పట్టుకున్నారు. అందరం విడదీస్తుంటే ఈయన పక్కన నిలబడి వింటున్నాడు. గొడవ చల్లారాక వెళ్ళి అడిగాడు, అమ్మా, ఇదే గొడవ వచ్చే సెలవురోజు మధ్యాహ్నం ఇంకోసారి పడతారా, కాకపోతే పెద్దావిడ చిన్నావిడలా మాట్లాడాలి, చిన్నావిడ పెద్దావిడలా మాట్లాడాలి అని. పిచ్చోడనుకున్నాం. వాళ్ళు ఒప్పుకున్నారు చూడూ, ఒకర్నొకరు వెక్కిరించుకునే అవకాశం ఎవరు వదులుకుంటారు. ఆ రోజు షెడ్డులో జనం నవ్వి నవ్వి పొట్టలు పట్టుకున్నారు. అయితే మధ్యలో చిన్నావిడ, పెద్దావిడ వేషంలో ఉన్నదల్లా, "నా పిల్ల జ్వరంతో పడుంటే నీళ్ళకి ఎలా వస్తానే" అంది. అని ఆగిపోయింది. అంతవరకూ ఆ సంగతి దానికి తట్టలేదు. ఇంక అదే ఆయన పాఠం. ఎవరితో నీకు పేచీ ఉందో ఆ మనిషి వేషం నువ్వు వెయ్యి. అంతే. గొంతుతో పనేముంది దానికి? ప్రతి సెలవురోజూ మధ్యాహ్నం జనం పెరిగిపోయారు. మొదట ముప్పై, తర్వాత ఎనభై. పెద్దాయన కూడా వచ్చేవాడు, నిఘా పెట్టడానికట. నిఘాకొచ్చినవాడు ముందు వరసలో కూర్చుంటాడా?

ఇంతలో ఆఫీసు నుంచి కాగితమొచ్చింది. షెడ్డుకి రేకులు వేయిస్తాం, మాస్టార్ని ఇంకో మూడేళ్ళు ఉంచుతాం, కానీ కనీసం నలభై మంది వస్తున్నట్టు రిజిస్టరులో సంతకాలో వేలిముద్రలో కావాలి అని. అయిపోయింది. రిజిస్టరు తెరిచి బల్ల మీద పెట్టగానే ఎనభై మందీ గోడలకి అంటుకుపోయారు. నీకది వింతగా ఉంటుంది. మాకు కాదు. అంతకు ఆరేళ్ళ ముందు ఒకడొచ్చాడు, విత్తనాలు ఉచితం, అందినట్టు ఒక్క వేలిముద్ర చాలన్నాడు. మా నాన్న కూడా వేశాడు. పంట ఇంటికొచ్చేసరికి అది అమ్మకపు కాగితమని తేలి మూడు ఇళ్ళవాళ్ళకి పల్లపు చేలు పోయాయి, అందులో మాదొకటి. ఆ తర్వాత మా నాన్న ఆ వేలికి గుడ్డ చుట్టుకుని తిరిగేవాడు, దెబ్బేమీ లేకపోయినా. కాబట్టి నాటకం చూడమంటే చూస్తారు, ఏడవమంటే ఏడుస్తారు, వేలు మాత్రం ఇవ్వరు. మాస్టారు బతిమాలలేదు. ఆయనే నలభై వేళ్ళూ వేసేసుకోవచ్చు, ఎవడు చూడొచ్చాడు? వెయ్యలేదు. చివరికి ఆఫీసువాళ్ళే ఇంకో దారి చెప్పారు, సంఘం కాటాదారు ఇంతమంది వచ్చారని రాసిస్తే చాలు, ఆయన లెక్క మాకు ఒప్పుదల అని. అంటే నేను.

ఇక్కడ మా అక్క సంగతి చెప్పాలి. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. బావ పోయాక మా ఇంటికొచ్చేసి, ఆ షెడ్డులోనే గోనెసంచులు కుట్టేది. మాట పెగలని మనిషి. పప్పులో ఉప్పు ఎక్కువైనా చెప్పదు, తినేసి లేస్తుంది. అలాంటిది ఒక సెలవురోజు తనంతట తనే లేచి బస్తాల మధ్యకెళ్ళింది. చెవి మీద పెన్సిల్ పెట్టుకుంది. నడక చూడగానే నాకు అర్థమైంది, నేనే. ఒక బస్తా తెచ్చి కాటా పలక మీద పెట్టింది, పడిపోకుండా ఆపుతున్నట్టు దానికి మోకాలు ఆనించి, కొంచెం, ఇంతే, పైకి నెట్టింది. వంద దగ్గరున్న ముల్లు దిగింది. "తొంభై నాలుగు, చీటీ తీసుకో, తర్వాతి వాళ్ళు రండి," అంది, అచ్చం నా గొంతుతో. ఆ నవ్వు షెడ్డు కప్పుని లేపేసింది. నేను ద్వారం దగ్గర నిలబడి జనాన్ని లెక్కపెడుతున్నాను, అలవాటు కదా, ఎక్కడ నలుగురుంటే అక్కడ లెక్కపెడతాను. రెండు వందల పన్నెండు. పసిపిల్లల్ని వదిలేస్తే. మోకాలు ఆనించానా లేదా అంటావా? చూడూ, ఎత్తు కాటా అది, బస్తా ఒరిగిపోతుంది, ఎవరైనా ఆనిస్తారు. పెద్దాయన కూడా చెప్పేవాడు... సర్లే, ఆ సంగతి వదిలెయ్.

మర్నాడు మాస్టారు కాగితం పట్టుకొచ్చాడు. షెడ్డులో నేనూ, మూల సంచులు కుడుతూ మా అక్కా, అంతే. "నిన్న మీరు లెక్కపెట్టడం చూశాను. ఆ అంకె ఒక్కటి రాసివ్వండి బాబూ," అన్నాడు. నేను చీటీలు సర్దుకుంటూ, "నేను లెక్కపెట్టలేదు," అన్నాను. అంతే అన్నాను. తర్వాత ఊళ్ళో అందరికీ నాన్న వేలి గురించే చెప్పుకున్నాను, భయమేసిందని, జాగ్రత్తపడ్డానని. అందరూ మంచి పని చేశావన్నారు. మాస్టారు అక్కడే కాగితం మడిచి రిజిస్టరులో పెట్టేసుకున్నాడు. మా అక్క సూది పక్కన పెట్టి లేచింది, వచ్చి సిరా డబ్బాలో వేలు ముంచి రిజిస్టరు మీద పెట్టింది. నా వంక చూడలేదు. ఒక్క వేలిముద్రతో ఆ రిజిస్టరు పట్నం వెళ్ళింది. హాజరు ఒకరు, ఈ ఊరికి ఇలాంటి కార్యక్రమం అవసరం కనబడలేదు అని జవాబొచ్చింది. మాస్టారు వెళ్ళిపోయాడు. ఇంకో మూడేళ్ళకి ఎక్కడో పోయాడని విన్నాం. నిజంగా పాటల మనిషేనట.

అక్క నాతో మాట్లాడటం మానేసిందనుకుంటున్నావా? మానేస్తే బాగుండేది. మందులు వేసుకున్నావా అంటుంది, చలిగా ఉంది దుప్పటి తీసుకో అంటుంది. ఆ మాట మాత్రం ఈరోజు వరకూ ఎత్తలేదు. మళ్ళీ ఎవరి వేషమూ వెయ్యలేదు. ఎనభై దాటింది, లోపలే ఉంది, వంటింట్లో. చెవులు మాత్రం నాకంటే బాగా పనిచేస్తాయి.

నీ కాగితం మీద సంతకం సంగతి తర్వాత చూద్దాం. నిన్ను నమ్మానని అనలేదు, నీ ఇరవై ఆరు వేల మీద నాకింకా అనుమానమే. ఉండు. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది, ఎప్పుడాగిందో. నువ్విక్కడే కూర్చో బాబూ, లేవకు. ఆ రోజు నేను లెక్కపెట్టానని ఆవిడతో చెప్పొస్తాను.